28 పాయింట్ల ఆటగాడు లేకపోతే తగ్గేవి 28 పాయింట్లు కావు

ప్రశ్న ఇదీ: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక జట్టు 26 మ్యాచ్‌లు ఆడి 17 గెలిచింది. సగటున 28 పాయింట్లు చేసే ముఖ్య ఆటగాడికి డిసెంబరులో తొడ వెనక కండరం, అంటే హామ్‌స్ట్రింగ్, రెండో గ్రేడ్‌లో చిరిగింది. ఆరు వారాలు ఆడడన్నారు. ఇక ఆ సీజన్ మీద ఆశ వదులుకోవాలా? ఎన్ని విజయాలు తగ్గుతాయో ముందే లెక్క కట్టొచ్చా?

కట్టొచ్చు. కాకపోతే చాలామంది మొదటి మెట్టు దగ్గరే తప్పుతారు. 28 పాయింట్లు చేసేవాడు లేడు కాబట్టి జట్టు స్కోరు 28 తగ్గుతుందని మొదలుపెడతారు. మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టులో ఐదుగురు, అంటే జట్టుకు పంచుకోడానికి 240 నిమిషాలు. ఎవరున్నా లేకున్నా అవి నిండాల్సిందే. అతను వేసే షాట్లు కూడా ఇంకెవరో వేస్తారు. అతను మ్యాచ్‌కి 20 షాట్లు, 8 ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి బదులుగా అడ్డు లేకుండా వేసే షాట్లు) వేస్తాడనుకుందాం. ఫ్రీ త్రోలను 0.44తో గుణించి షాట్లకు కలపడం మామూలు పద్ధతి, ఎందుకంటే అవి ఎక్కువగా జంటలుగా వస్తాయి. అలా చూస్తే అతను వాడుకునేది దాదాపు 23.5 అవకాశాలు, ఒక్కోదానికి 1.19 పాయింట్లు. అవే అవకాశాలు మిగతావాళ్లకు పోయి, వాళ్లు ఒక్కోదానికి 1.04 చేస్తే 24 పైచిలుకు వస్తాయి. నేరుగా తగ్గింది మూడున్నర పాయింట్లు, అంతే.

ఇంతేనా అనిపిస్తుంది. కానీ అసలు దెబ్బ మిగతావాళ్ల షాట్లలో పడుతుంది. దాన్ని చూడాలంటే ఒక్క పిక్ అండ్ రోల్‌ని (తోటివాడి అడ్డు వాడుకుని దాటే ఎత్తుగడని) దగ్గరగా చూస్తే చాలు.

స్టార్ చేతిలో బంతి ఉంది. సెంటర్, అంటే రిమ్ (బుట్ట) దగ్గర ఆడే పొడుగు ఆటగాడు, వచ్చి త్రీ లైన్ (దాని బయట నుంచి వేస్తే మూడు పాయింట్లు) బయట స్క్రీన్ పెట్టాడు, అంటే స్టార్‌ని కాసేవాడికి అడ్డు నిలబడ్డాడు. స్టార్ ఆ భుజాన్ని రాసుకుంటూ దాటాడు. వదిలితే అక్కడే త్రీ వేస్తాడు కాబట్టి ప్రత్యర్థి సెంటర్ పైకి రాక తప్పదు. ఇద్దరూ అతని మీదే పడ్డారు. బంతి రిమ్ వైపు దూసుకెళ్తున్న సెంటర్‌కి అందింది, ఇప్పుడు నలుగురిని ముగ్గురు కాచుకోవాలి. ఆ ముగ్గురిలో ఒకడు మూల వదిలి లోపలికి రావాలి. మూలలో నిలబడ్డవాడికి 22 అడుగుల త్రీ, ముందు అడ్డుచేయి లేదు. స్కోరుషీటులో ఈ బుట్ట దగ్గర స్టార్ పేరు కనబడదు. చాలాసార్లు అసిస్టు (బుట్టకు దారి తీసిన పాస్) కూడా సెంటర్ ఖాతాలోకే పోతుంది.

ఇప్పుడు అదే ఆట బ్యాకప్ గార్డ్ (బంతి నడిపే బయటి ఆటగాడు) ఆడించాడనుకోండి. అతన్ని కాసేవాడు స్క్రీన్ కింద నుంచి జారుకుంటాడు, కావాలంటే త్రీ వేసుకోమన్నట్టు. ప్రత్యర్థి సెంటర్ పెయింట్ (బుట్ట ముందున్న ప్రాంతం) వదలడు. మూలలో డిఫెండర్ అడుగు కదపడు. బంతి ఒక చుట్టు తిరిగొచ్చేసరికి 24 సెకన్ల గడియారంలో ఏడు మిగులుతాయి, అప్పుడు ఎవరో ఒకరు మీద చేయి ఉండగానే షాట్ వేయాలి. మూలలో ఉన్నవాడి గురి చెడిపోలేదు, అతనికి దొరికే షాటే మారిపోయింది. దీనికి తోడు ప్రత్యర్థి జట్టులో అందరికన్నా గట్టి డిఫెండర్ నిన్నటిదాకా స్టార్ వెంట ఉన్నాడు, ఇవాళ్టి నుంచి మీ రెండో ఆటగాడి వెంట ఉంటాడు. రెండోవాడు మొదటివాడి పని, మూడోవాడు రెండోవాడి పని, బెంచ్ మీదివాడు మూడోవాడి పని చేయాలి. ఒక మనిషి తప్పుకుంటే నలుగురి పనులు మారతాయి.

మొత్తం నష్టాన్ని అంకెల్లోకి తేవడానికి ఆన్-ఆఫ్ లెక్క వాడతారు. అతను కోర్టులో ఉన్నప్పుడు 100 పొసెషన్లకు (బంతి చేతికొచ్చిన దఫాలకు) ప్రత్యర్థితో జట్టు పాయింట్ల తేడా +7, బెంచ్ మీద ఉన్నప్పుడు −3 అనుకుందాం. ఒక మ్యాచ్‌లో జట్టుకు సుమారు 100 పొసెషన్లు వస్తాయి. అతను 35 నిమిషాలు ఆడితే మ్యాచ్ సగటు +4.3. అతను లేకపోతే 48 నిమిషాలూ −3. సగటు తేడాలో ఒక్కో పాయింటూ సీజన్‌లోని 82 మ్యాచ్‌లకు రమారమి రెండున్నర విజయాలతో సమానం. సున్నా తేడా అంటే 41 విజయాలు. కాబట్టి అతనితో ఇది 52 విజయాల జట్టు, అతను లేకుండా 33, 34 విజయాల జట్టు. ఇందాకటి మూడున్నర పాయింట్లు ఈ 7.3 పాయింట్ల తేడాలో సగం మాత్రమే. మిగతా సగం పైన చెప్పిన మూల త్రీలు, డిఫెన్స్, ఆఖరి ఐదు నిమిషాల ఆట.

ఈ −3ని కళ్లు మూసుకుని నమ్మొద్దు. అందులో రెండు లోపాలు, రెండూ చెరో వైపు లాగుతాయి. స్టార్ కూర్చునే సమయంలో సాధారణంగా మన మిగతా స్టార్టర్లూ కొందరు కూర్చుంటారు, కాబట్టి ఆ −3లో వాళ్లు లేని లోటూ కలిసిపోయి, దెబ్బ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది. మరోవైపు ఆ నిమిషాల్లో ప్రత్యర్థి స్టార్టర్లు కూడా విశ్రాంతిలో ఉంటారు. రేపటి నుంచి మన బ్యాకప్ ఆడాల్సింది ఆ స్టార్టర్ల మీదే, కాబట్టి దెబ్బ అంతకన్నా పెద్దది కావచ్చు. వీలుంటే రెండో ఆటగాడు కోర్టులో ఉండి స్టార్ లేని నిమిషాలను విడిగా తీసి చూడండి. మొత్తం ఆఫ్ నిమిషాలకన్నా అవే నిజానికి దగ్గర.

ఎవరు గాయపడ్డారన్నదాన్ని బట్టి దెబ్బ తగిలే చోటు మారుతుంది. బంతి నడిపేవాడు పోతే మొదటి వారంలోనే తెలుస్తుంది, టర్నోవర్లు, అంటే బంతి పోగొట్టుకోవడాలు, పెరుగుతాయి. రిమ్ కాపాడే సెంటర్ పోతే ఆలస్యంగా తెలుస్తుంది, కానీ లోతుగా. వెనక గోడ ఉందన్న ధైర్యంతో బయట ముందుకొచ్చి కాసే గార్డులు ఇప్పుడు ఒక అడుగు వెనక్కి నిలబడతారు, దాంతో ప్రత్యర్థులకు త్రీలు తెరుచుకుంటాయి. 1996-97 శాన్ ఆంటోనియో స్పర్స్ సంగతి తెలిసిందే. వాళ్ల సెంటర్ డేవిడ్ రాబిన్సన్ వెన్ను నొప్పి, తర్వాత పాదం ఎముక విరగడం వల్ల ఆరు మ్యాచ్‌లే ఆడాడు. షాన్ ఎలియట్ కూడా సగం సీజన్ లేడు. అంతకుముందు ఏడు 59 గెలిచిన జట్టు 20కి పడిపోయింది.

అలాగని మొదటి కొన్ని మ్యాచ్‌ల ఫలితాలు చూసి తేల్చేయకండి, ఏ వైపూ. స్టార్ లేని జట్టు ఎలా ఆడుతుందో ప్రత్యర్థి కోచ్‌ల దగ్గర వీడియో ఉండదు. ఉన్నవాళ్లు కసిగా పరిగెత్తుతారు. అందుకే ఐదారు మ్యాచ్‌లు బాగానే పోయి, ఈ జట్టుకు అతను అక్కర్లేదన్న వాదన మొదలవుతుంది (ఈ వాదన ప్రతి సీజన్‌లో ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది). 2007-08 హ్యూస్టన్ రాకెట్స్‌ని ఉదాహరణగా చూపిస్తారు. వరుసగా 12 గెలిచాక సెంటర్ యావ్ మింగ్ పాదంలో ఒత్తిడి వల్ల ఎముక చిట్లింది. అతను లేకుండా ఇంకో పది గెలిచి 22కి తీసుకెళ్లారు. నిజమే, కానీ ఆ జట్టులో బంతి నడిపి షాట్లు పుట్టించే ట్రేసీ మెక్‌గ్రేడీ ఆడుతూనే ఉన్నాడు. రిమ్ దగ్గర 41 ఏళ్ల డికెంబే ముటోంబో నిలబడ్డాడు. పోయినవాడి రెండు పనులకూ జట్టులోనే మనుషులు ఉన్నారు. అయినా ప్లేఆఫ్స్‌లో (సీజన్ తర్వాత జరిగే నాకౌట్ సిరీస్‌లలో) యూటా చేతిలో మొదటి రౌండ్‌లోనే 4-2తో ఓడారు. ఒకే ప్రత్యర్థి వరుసగా ఆరేడు మ్యాచ్‌లు ఆడితే ప్రతి లోటునూ వెతికి వెతికి కొడుతుంది. రెగ్యులర్ సీజన్‌లో అంత తీరిక ఎవరికీ ఉండదు.

ఆరు వారాలన్న మాటకు వద్దాం. చీలమండ బెణుకు మామూలుదైతే ఒకటి రెండు వారాలు, పైభాగంలో రెండు కాలి ఎముకలను కలిపే కట్టు దగ్గరైతే నాలుగు నుంచి ఆరు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ. మోకాలిలో మెనిస్కస్ అనే మెత్తటి దిండులో చిరిగిన ముక్క తీసేస్తే నాలుగు నుంచి ఆరు వారాలు, కుట్టు వేస్తే నాలుగు నుంచి ఆరు నెలలు. ఒకే గాయానికి ఇంత తేడా. ముక్క తీసేస్తే ఈ సీజన్ దక్కుతుంది, కుట్టు వేస్తే మోకాలికి పదేళ్ల తర్వాత మేలు. మోకాలిలోని ఏసీఎల్ అనే కట్టు, మడమ పైనుండే అకిలీస్ అనే స్నాయువు తెగితే తొమ్మిది నుంచి పన్నెండు నెలలు, ఒక్కోసారి అంతకు మించి. హామ్‌స్ట్రింగ్ రెండో గ్రేడ్‌కి నాలుగు నుంచి ఎనిమిది వారాలు. కాబట్టి ఆరు అన్నది మధ్య అంకె, హామీ కాదు. పైగా నొప్పి పోయాక కూడా పూర్తి వేగంతో పరిగెత్తి ఒక్కసారిగా ఆగినప్పుడు మళ్లీ చిరిగే గుణం ఈ కండరానిది. తిరగబెట్టిన గాయం మొదటిదానికన్నా ఎక్కువ కాలం తీసుకోవడం మామూలే.

పిక్క నొప్పి అని రాస్తే మాత్రం ఇంకొంచెం జాగ్రత్తగా చదవండి. 2019 ఫైనల్స్‌లో కెవిన్ డ్యురాంట్ పిక్క గాయం నుంచి తిరిగొచ్చిన మ్యాచ్‌లోనే అకిలీస్ తెగింది. 2025 ఫైనల్స్‌లో టైరీస్ హాలిబర్టన్ పిక్క పట్టేసి ఉండగానే ఆడాడు, ఏడో మ్యాచ్ మొదటి క్వార్టర్‌లో అకిలీస్ తెగింది. పిక్క కండరాలు అదే స్నాయువులోకి దిగుతాయి కాబట్టి వైద్యులు రెండిటినీ కలిపే చూస్తారు. ఒకటి దానివల్లే జరిగిందని రుజువు చేయడం కష్టం, కానీ ఇలాంటప్పుడు తొందరపెట్టే జట్టు ఆడేది జూదమే.

తొందరపాటు ఖరీదు తెలియాలంటే 1977-78 పోర్ట్‌లాండ్ చాలు. 60 మ్యాచ్‌ల్లో 50 గెలిచారు. బిల్ వాల్టన్ పాదం దెబ్బతింది, మరికొందరూ గాయపడ్డారు, మిగిలిన 22లో 8 గెలిచారు. ప్లేఆఫ్స్‌కి వాల్టన్ నొప్పి తెలియకుండా ఇంజెక్షన్‌తో దిగాడు. పాదంలో ఎముక విరిగిందని తేలింది. సియాటిల్ చేతిలో జట్టు ఓడింది, అతను తర్వాతి సీజన్ మొత్తం ఆడలేదు.

రెండో వరుస గాయాల గురించి అభిమానులు తక్కువ మాట్లాడతారు. స్టార్ పోగానే 31 నిమిషాలు ఆడేవాడు 37కి వెళ్తాడు. ఒక్క మ్యాచ్‌కి ఆరు నిమిషాలే కానీ 20 మ్యాచ్‌లకు రెండు గంటలు, అదీ గట్టి డిఫెండర్ మీద. జనవరి చివరికి ఇతని చీలమండో, నడుమో పట్టేస్తుంది. కోచ్ నిమిషాలను ఇద్దరి మీద కాకుండా నలుగురి మీద పంచుతున్నాడా అన్నది బాక్స్ స్కోరులో (మ్యాచ్ గణాంకాల పట్టికలో) రోజూ కనబడుతుంది. చూడాల్సిన మొదటి గడి అదే.

ఇక జట్టు యాజమాన్యం పని. నియమాలు సాయం చేస్తాయి కానీ అందరూ అనుకునేంత కాదు. ఆటగాడు జూన్ 15 దాకా ఆడలేడని వైద్యులు తేలిస్తే ‘డిజేబుల్డ్ ప్లేయర్ ఎక్సెప్షన్’, అంటే జీతాల పరిమితి దాటి బదులు ఆటగాణ్ణి తెచ్చుకునే అనుమతి, అడగొచ్చు. అతని జీతంలో సగం, లేదా లగ్జరీ పన్ను (జీతాలు మితిమీరితే కట్టేది) కట్టని జట్లకిచ్చే మిడ్ లెవెల్ మొత్తం (2025-26లో సుమారు కోటి 41 లక్షల డాలర్లు), ఈ రెంటిలో ఏది తక్కువైతే అంత. జనవరి 15 లోపు అడగాలి, మార్చి 10 లోపు వాడాలి, దానితో తెచ్చుకునేది ఆ ఒక్క సీజన్ ఒప్పందం మిగిలినవాడినే. జట్టులో ఖాళీ స్థానం అది ఇవ్వదు, లగ్జరీ పన్ను నుంచీ తప్పించదు. అందుకే చాలా జట్లు తీసుకుని వాడకుండా వదిలేస్తాయి. ఆరు వారాల హామ్‌స్ట్రింగ్‌కి ఇది ఎలాగూ వర్తించదు. నలుగురు కనీసం మూడేసి మ్యాచ్‌లు వరుసగా ఆడలేక, ఇంకో రెండు వారాలూ రాలేరని తేలితే 15 మందికి మించి ఒకరిని పది రోజుల ఒప్పందం మీద తీసుకునే వెసులుబాటు ఉంది. టూ-వే (కింది లీగ్‌లోనూ ఆడే) ఒప్పందాల మీద ముగ్గురు ఉంటారు, కానీ వాళ్లు 50 మ్యాచ్‌లకు మించి అందుబాటులో ఉండరు, మామూలు ఒప్పందానికి మారితే తప్ప ప్లేఆఫ్స్ ఆడరు.

డబ్బు పరిమితి అంచున ఉన్న జట్టుకు ఈ దారులూ మూసుకుపోతాయి. 2024-25లో డల్లాస్ లూకా డాన్చిచ్‌ని పంపి ఆంథోనీ డేవిస్‌ని తెచ్చుకుంది. డేవిస్ మొదటి మ్యాచ్‌లోనే గాయపడ్డాడు, మార్చి 3న కైరీ అర్వింగ్ ఏసీఎల్ తెగింది. ఆ జట్టు మొదటి ఏప్రన్ అనే జీతాల గీత కింద చిక్కుకుని ఉంది, కనీస జీతానికి కూడా కొత్తవాణ్ణి తీసుకునే చోటు లేదు, టూ-వే ఆటగాళ్ల మ్యాచ్‌లు అయిపోవస్తున్నాయి. మార్చిలో బరిలోకి దించడానికి ఎనిమిది మంది ఉంటారా అని లెక్కపెట్టుకునే స్థితి వచ్చింది. 39 విజయాలతో ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్ చివరి స్థానాల కోసం జరిగే పోటీ) దాకా వెళ్లి మెంఫిస్ చేతిలో ఓడారు. ఆ తర్వాత, ఎక్కువ ఓడిన జట్లకు ఎక్కువ అవకాశమిస్తూ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వరుస తేల్చే లాటరీలో, 1.8 శాతం అవకాశంతో మొదటి ఎంపిక తగిలింది. దాన్ని ప్రణాళిక అనలేం.

సీజన్‌ని వదిలేయడం మాత్రం ప్రణాళికే కావచ్చు. పైన చెప్పిన స్పర్స్ 20 విజయాల తర్వాత 1997లో టిమ్ డంకన్‌ని తీసుకున్నారు, మరుసటి ఏడు 56 గెలిచారు. గోల్డెన్ స్టేట్ 2019-20లో క్లే థాంప్సన్ లేకుండా మొదలై, నాలుగో మ్యాచ్‌లో స్టెఫెన్ కరీ చేయి విరిగి, 15 గెలుపులు, 50 ఓటములతో అట్టడుగున నిలిచింది, రెండో ఎంపిక వచ్చింది. అదే ముఖ్య బృందంతో 2022లో టైటిల్ గెలిచింది. ఇది పనికిరావాలంటే రెండు చూసుకోవాలి. మొదటిది, ఆ ఏడాది మొదటి రౌండ్ ఎంపిక మీ దగ్గరే ఉందా, ట్రేడ్‌లో ఎప్పుడో ఇచ్చేశారా. ఇచ్చేసి ఉంటే ఓటములు వేరేవాళ్ల ఇల్లు నింపుతాయి. రెండోది, గాయపడ్డవాడు తిరిగొచ్చాక ఇంకా ఆడే వయసులోనే ఉంటాడా. 17-9తో ఉన్న జట్టుకు ఈ ఆలోచనే అక్కర్లేదు.

గాయం ఏ నెలలో వచ్చిందన్నదీ లెక్కే. 2012 ఏప్రిల్ 28న ప్లేఆఫ్స్ మొదటి మ్యాచ్ చివర్లో, అప్పటికే గెలుపు దాదాపు ఖాయమయ్యాక, డెరిక్ రోజ్ ఏసీఎల్ తెగింది. మొదటి స్థానంలో ఉన్న చికాగో ఎనిమిదో స్థానపు ఫిలడెల్ఫియా చేతిలో 4-2తో పోయింది. కొత్త ఆట నేర్చుకునే సమయమే లేదు. డిసెంబరులో వచ్చిన గాయానికి ఆ సమయం ఉంటుంది. కానీ నవంబరు, డిసెంబరు ఓటములు ఏప్రిల్‌లో బిల్లు పంపుతాయి. 2014-15లో పాదం ఎముక విరిగి డ్యురాంట్ 27 మ్యాచ్‌లే ఆడాడు, రసెల్ వెస్ట్‌బ్రూక్ రెండో మ్యాచ్‌లోనే చేయి విరిగి కొన్ని వారాలు లేడు. తర్వాత వెస్ట్‌బ్రూక్ 28.1 సగటుతో లీగ్ స్కోరింగ్‌లో మొదట నిలిచాడు. అయినా ఓక్లహోమా సిటీ 45 విజయాల దగ్గర న్యూ ఆర్లీన్స్‌తో సమానమై, టై బ్రేక్‌లో ప్లేఆఫ్స్ పోగొట్టుకుంది. ఒక్కటంటే ఒక్క విజయం తక్కువైంది.

మీ జట్టు లెక్క ఇక సులువే. వారానికి సగటున మూడుకు పైగా మ్యాచ్‌లు, ఆరు వారాలకు సుమారు 20. పైన వేసిన రేటు ప్రకారం అతనుంటే అందులో 12 లేదా 13 గెలిచేవారు, లేకపోతే 8. అంటే 46 మ్యాచ్‌లకు 25 విజయాలు. మిగిలిన 36లో పాత రేటుకి 23 రావాలి, కానీ తిరిగొచ్చిన మొదటి ఎనిమిది, పది మ్యాచ్‌లు అతన్ని 20, 24 నిమిషాలకే కట్టేస్తారు, వరుస రోజుల్లో రెండో మ్యాచ్ ఆడించరు. 2022 జనవరిలో 941 రోజుల తర్వాత తిరిగొచ్చిన థాంప్సన్‌కి మొదటి రోజు ఇచ్చింది 20 నిమిషాలే. ఈలోగా అలవాటైన రొటేషన్ మళ్లీ చెదురుతుంది, అతని బదులు బాగా ఆడినవాడు బెంచ్‌కి వెళ్లి ముఖం ముడుచుకుంటాడు. దానికి ఒకటి తీసేయండి. మొత్తం 47. గాయం లేకపోతే 52, 53 అయ్యేవి. మొదటి నాలుగు స్థానాలు, వాటితో వచ్చే సొంత కోర్టు చేజారే అవకాశం ఎక్కువ. ఆరో స్థానం చుట్టూ పోటీ ఉంటుంది, ఏడుకి జారితే ప్లే-ఇన్. ఇంకో రెండు వారాలు ఆలస్యమైతే ఒకటిన్నర విజయం తీసేయండి. సరిగ్గా ఆరుకీ ఏడుకీ మధ్య గీత అక్కడే పడుతుంది.

గాయం తర్వాత పదో మ్యాచ్ దగ్గర ఆగి రెండు చూడండి. జట్టుకు మ్యాచ్‌కి దొరికే మూల త్రీలు ఎన్ని తగ్గాయి, రెండో ఆటగాడు ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు. మూల త్రీలు మునుపటిలాగే ఉండి, అతని నిమిషాలు 35 లోపు ఉంటే నా 8ని 10 చేసుకోండి. త్రీలు సగానికి పడి, అతను 38 ఆడుతుంటే ట్రేడ్ గడువైన ఫిబ్రవరి మొదటి వారం లోపు బంతి నడపగల ఇంకో గార్డ్‌ని తెచ్చుకోవాల్సిందే. అప్పటికి స్టార్ తిరిగొచ్చే తేదీ దగ్గరపడుతుంది కాబట్టి చాలా జట్లు ఆగిపోతాయి. నాకైతే అదే పొరపాటనిపిస్తుంది, ఎందుకంటే ఏప్రిల్‌లో అతను వరుస రోజుల్లో ఆడని మ్యాచ్‌లకూ ఆ గార్డ్ కావాలి.